పికప్ బండికి ఏ గ్రేడు ఇంజన్ ఆయిల్? చిక్కదనం తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి "పికప్‌కి ఇంజన్ ఆయిల్ కావాలి" అంటే "ఎన్ని లీటర్లు?" అని అడుగుతారు. ఏ సంవత్సరం బండి, బీఎస్ (పొగ కాలుష్య ప్రమాణం) ఎంత, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. 15డబ్ల్యూ-40 డబ్బా చేతికొస్తుంది. ఎండాకాలమైతే "మన ఎండలకు చిక్కటిది పోయించండి, ఇంజన్‌కు మంచిది" అన్న సలహాతో 20డబ్ల్యూ-50 వస్తుంది. పాత బండ్ల కాలంలో ఈ లెక్క చాలావరకు నడిచిపోయింది. 2020 తర్వాతి బండికి అదే లెక్క వేస్తే తేడా వెంటనే కనపడదు, ఖర్చు మాత్రం ఏడాదికో రెండేళ్లకో వచ్చి పడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా డీజిల్ పికప్‌ల గురించి: బొలెరో పికప్, దోస్త్, యోధ, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీమాక్స్ లాంటివి. పెట్రోల్, సీఎన్‌జీ బండ్లకూ వరుస ఇదే, డబ్బా మీది స్పెసిఫికేషన్ అక్షరాలు మాత్రం మారతాయి.

1. ముందు బండి వివరాలు రాసుకోండి

ఆర్‌సీ తీసి చూడండి. తయారీ నెల, సంవత్సరం, ఇంధనం, ఎమిషన్ నార్మ్స్ అందులో ఉంటాయి. దేశమంతటా బీఎస్‌-4 అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 1న, బీఎస్‌-6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న. ఆయిల్ విషయంలో పెద్ద గీత ఈ రెండో తేదీ దగ్గర పడింది. బీఎస్‌-6 డీజిల్ బండ్లలో దాదాపుగా పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ ఉంటుంది. అంటే పొగలోని మసిని పట్టుకుని, పోగైనప్పుడు వేడితో కాల్చేసే ఫిల్టర్. మీ బండిలో ఉందో లేదో మాన్యువల్‌లో వార్నింగ్ లైట్ల పేజీ చూస్తే తెలిసిపోతుంది. డీపీఎఫ్ లైటు బొమ్మ ఉంటే ఫిల్టర్ ఉన్నట్టే.

టర్బో (పొగ వేగంతో తిరుగుతూ ఇంజన్లోకి గాలి నెట్టే పరికరం) ఉందా అన్నది కూడా రాసుకోండి. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర. సెల్ఫ్ కొట్టగానే ఆయిల్ అక్కడికి ఎంత త్వరగా చేరుతుందన్నదే దాని ఆయుష్షు.

2. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ వెతకండి

మాన్యువల్ సాధారణంగా డాష్‌బోర్డు అరలో పాత ఇన్సూరెన్స్ కాగితాల కింద ఉంటుంది. పోయుంటే కంపెనీ వెబ్‌సైట్లో పీడీఎఫ్ దొరుకుతుంది, లేదా సర్వీస్ సెంటర్లో అడిగి ఆ పేజీ ఫోటో తీసుకోవచ్చు. చివరి భాగంలో "లూబ్రికెంట్లు, కెపాసిటీలు" అన్న పట్టిక ఉంటుంది. అందులో మూడు విషయాలు ఫోన్‌లో నోట్ చేసుకోండి: గ్రేడు, స్పెసిఫికేషన్, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు.

కొన్ని మాన్యువళ్లలో ఒకటి కాదు, రెండు మూడు గ్రేడులు ఉంటాయి. పక్కనే బయటి ఉష్ణోగ్రతల గీతల బొమ్మ ఉంటుంది. ఉదాహరణకు ఒక గీత సున్నా కంటే కింద మొదలై 30 దగ్గర ఆగుతుంది, ఇంకోటి 40 దాటి సాగుతుంది. ఎంచుకునే స్వేచ్ఛ మీకున్నది ఆ బొమ్మలో ఉన్న గ్రేడుల మధ్యే. ఒకే గ్రేడు రాసి ఉంటే వారంటీ ఉన్నంతకాలం వేరే ఆలోచన వద్దు.

3. డబ్బా మీది రెండు అంకెలు ఏం చెబుతున్నాయి

15డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కదనం మిగులుతుందో చెబుతుంది. ఈ లెక్కలన్నీ అమెరికాలోని ఎస్‌ఏఈ సంస్థ జే300 అనే ప్రమాణంలో పెట్టింది.

ముందు అంకెకు పరీక్ష జరిగేది మనం ఎన్నడూ చూడని చలిలో. ఇంజన్ తిప్పగలదా అన్న పరీక్ష 15డబ్ల్యూకు మైనస్ 20 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకు మైనస్ 15 దగ్గర, 5డబ్ల్యూకు మైనస్ 30 దగ్గర చేస్తారు. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగినా, ఆదిలాబాద్‌లో సంక్రాంతి ముందు వణికించినా 15డబ్ల్యూ ఆయిల్ గడ్డకట్టదు. ఆ భయంతో 5డబ్ల్యూ కొనక్కర్లేదు. అయినా ఆ అంకెకు మన దగ్గర పనే లేదని కాదు, అదెక్కడో ఐదో మెట్టులో చెబుతాను.

వెనక అంకెకు కొలత 100 డిగ్రీల దగ్గర, చిక్కదనాన్ని కొలిచే యూనిట్ అయిన సెంటీస్టోక్‌లలో. 30 గ్రేడు అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. ఒక గ్రేడు లోపలే ఇంత తేడా ఉండటంతో ఒక కంపెనీ 40, ఇంకో కంపెనీ 40 ఒకేలా ఉండవు. మీరు వాడే బ్రాండ్ వెబ్‌సైట్లో టెక్నికల్ డేటా షీట్ ఉంటుంది, అసలు అంకె అందులో దొరుకుతుంది.

చాలామంది చూడని అంకె ఇంకొకటుంది: హెచ్‌టీహెచ్‌ఎస్. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగే ఒత్తిడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పే కొలత. 30 గ్రేడుకు కనీసం 2.9 ఉంటే చాలు. 15డబ్ల్యూ-40కి కనీసం 3.7, 5డబ్ల్యూ-40కి కనీసం 3.5 ఉండాలి. దీనివల్ల 5డబ్ల్యూ-30 అన్న పేరుతో రెండు రకాల ఆయిల్స్ బజార్లో ఉన్నాయి. ఒకటి పెట్రోల్ కార్లకు మైలేజీ కోసం చేసిన తేలిక రకం. ఇంకోటి డీజిల్ కోసం 3.5 పైన ఉంచిన గట్టి రకం. డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో కనపడేది ఒకటే: 5డబ్ల్యూ-30. లోడు మోసే పికప్‌లో మొదటి రకం పడితే ఆ గ్రేడు సరైనదే అయినా ఆయిల్ తప్పు.

4. అంకెల కన్నా ముందు అక్షరాలు చూడండి

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏపీఐ సీఐ-4 ప్లస్, సీకే-4, ఎస్‌ఎన్, లేదా ఏసీఈఏ సీ3 అని ఉంటుంది. ఏపీఐ అమెరికా పద్ధతి. అందులో సీ తో మొదలయ్యేవి డీజిల్‌కు, ఎస్ తో మొదలయ్యేవి పెట్రోల్‌కు. ఏసీఈఏ యూరప్ పద్ధతి. దాని సీ రకం ఫిల్టర్లున్న తేలిక వాహనాలకు, 'ఈ' (E) అక్షరం రకం భారీ డీజిల్‌కు.

డీపీఎఫ్ ఉన్న బండికి ఈ అక్షరాలే కీలకం. ఇంజన్‌లో కొంచెం ఆయిల్ ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. ఆయిల్‌లో ఉండే లోహపు అడిటివ్‌లు కాలితే బూడిద మిగులుతుంది. మసిని డీపీఎఫ్ కాల్చేసుకుంటుంది, బూడిదను కాల్చలేదు. అది లోపలే పేరుకుంటుంది. అందుకే ఏపీఐ సీజే-4, 2016 డిసెంబర్‌లో వచ్చిన సీకే-4 ఆయిల్స్‌కు సల్ఫేటెడ్ యాష్ (కాలాక మిగిలే బూడిద) 1 శాతం దాటకూడదన్న హద్దు పెట్టారు. ఏసీఈఏ సీ3కి ఆ హద్దు 0.8 శాతమే. సీఐ-4, సీఐ-4 ప్లస్ వచ్చింది అంతకు ముందు కాలపు ఇంజన్ల కోసం, వాటిలో బూడిద ఎక్కువ.

కాబట్టి బీఎస్‌-6 పికప్‌లో సీఐ-4 ప్లస్ 15డబ్ల్యూ-40 పోస్తే చిక్కదనం దగ్గర దగ్గరగా సరిపోవచ్చు, ఇంజన్ చప్పుడు కూడా హాయిగా ఉండొచ్చు. డీపీఎఫ్ మాత్రం లోపల పూడుకుంటూ పోతుంది. బండి లాగదు, రీజెనరేషన్ (ఫిల్టర్లోని మసిని వేడితో కాల్చేసే పని) మాటిమాటికీ అడుగుతుంది. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే ఆ బిల్లుతో కొన్నేళ్ల ఆయిల్ వచ్చేది.

బీఎస్‌-3, బీఎస్‌-4 బండికి సీఐ-4 ప్లస్ నిక్షేపంగా వాడొచ్చు. సీకే-4 పోసినా ఇబ్బంది లేదు, పాత ప్రమాణాల స్థానంలో వాడేలానే చేశారు. ఒక్క ఎఫ్‌ఏ-4 అన్న రకానికి మాత్రం దూరంగా ఉండండి. అది కావాలని పల్చగా చేసింది, హెచ్‌టీహెచ్‌ఎస్ 2.9 నుంచి 3.2 మధ్యే ఉంటుంది. మాన్యువల్‌లో ఆ పేరు రాసి ఉంటే తప్ప వద్దు.

ఇక్కడే ఒక మాట. "టర్బో డీజిల్ ఆయిల్ అన్నయ్యా, అన్నిటికీ పనికొస్తుంది" అని షాపులో చెప్పేది అమ్మకం మాట. డబ్బా తిప్పి వెనక వైపు చదవండి. మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ అక్షరం తేడా లేకుండా అక్కడ ఉంటేనే డబ్బులివ్వండి.

5. ముందు అంకె: పొద్దున్నే మొదటి స్టార్ట్

15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర సుమారు 14, 15 సెంటీస్టోక్‌లు ఉంటే, 40 డిగ్రీల దగ్గర 110 దాకా ఉంటుంది. డిసెంబర్ తెల్లవారుజామున 20 డిగ్రీలప్పుడు అదే ఆయిల్ 300 దాటుతుంది. అంటే వేడి ఇంజన్‌లో ఉన్నదానికి ఇరవై రెట్లకు పైగా చిక్కన. ఆ కాసేపు పంపు దాన్ని నెట్టడానికి తిప్పలు పడుతుంది. మరీ చిక్కగా ఉంటే ఆయిల్ ఫిల్టర్ లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిలే ముందుకు పోతుంది. 5డబ్ల్యూ-40 అయితే వేడిలో అదే చిక్కదనం ఉంచుకుని, చల్లగా ఉన్నప్పుడు దానికంటే బాగా పల్చగా ఉంటుంది. 20డబ్ల్యూ-50 ఇంకా చిక్కన.

రోజుకోసారి స్టార్ట్ చేసి రెండు వందల కిలోమీటర్లు తిరిగే బండికి దీనివల్ల పెద్ద తేడా లేదు. ఊళ్లో పాల క్యాన్లో, వాటర్ టిన్నులో వేస్తూ వీధికోచోట ఆపి, చల్లారాక మళ్లీ స్టార్ట్ చేసే బండికి తేడా ఉంది. పాడేరు, అరకు వైపు చలిలో నిలబడే బండికీ ఉంది. మాన్యువల్ రెండూ ఒప్పుకుంటే ఇలాంటి వాడకానికి 5డబ్ల్యూ లేదా 10డబ్ల్యూ తీసుకోండి. ఏ ఆయిల్ అయినా స్టార్ట్ అవగానే రేస్ ఇవ్వకండి, అర నిమిషం ఆగి నెమ్మదిగా కదలండి.

6. వెనక అంకె: ఎండ కాదు, లోడు చూడండి

రెంటచింతలలో మే నెల ఎండకు ఇంజన్ ఆయిల్ నీళ్లయిపోతుందని చాలామంది గట్టి నమ్మకం. అయితే రేడియేటర్ నీళ్లను థర్మోస్టాట్ ఏ కాలమైనా ఇంచుమించు 85, 90 డిగ్రీల దగ్గరే నిలబెడుతుంది. సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ మామూలు పరుగులో 95 నుంచి 110 మధ్య ఉంటుంది. బయటి గాలి 30 నుంచి 45కి పెరిగితే ఆయిల్ వేడి కొంత పెరుగుతుందే కానీ అదే లెక్కన పెరగదు. ఆయిల్‌ను అసలు వేడెక్కించేది బరువు, చిన్న గేరులో గంటల తరబడి ఎక్కుడు, దుమ్ముతో మూసుకుపోయిన రేడియేటర్, సరిగా తిరగని ఫ్యాన్.

మిర్చి బస్తాలు పరిమితికి మించి వేసుకుని దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్న బండిని తీసుకోండి. ఆయిల్ 120 డిగ్రీలకు పోతుంది. 100 దగ్గర 14.7 ఉన్న 15డబ్ల్యూ-40 అప్పుడు 9.5 దగ్గరకు దిగుతుంది, అంటే ఆ ఘాట్ మీద 40 గ్రేడు కాస్తా 30 గ్రేడంత పల్చన అయినట్టే. ఇలాంటి పని రోజూ చేసే బండికి మాన్యువల్ 30, 40 రెండూ ఒప్పుకుంటే 40 తీసుకోండి. ఖాళీగా, లేదా సగం లోడుతో హైవే మీద తిరిగే బండికి 30 చాలు, డీజిల్ కూడా కాస్త మిగులుతుంది.

50 మాత్రం, మాన్యువల్‌లో లేకపోతే వద్దనే చెబుతాను (అరిగిన పాత ఇంజన్ సంగతి వేరు, అది ఏడో మెట్టులో). చిక్కటి ఆయిల్ పోశాక గేజ్ మీద ప్రెషర్ పెరుగుతుంది, డ్రైవర్ సంతోషపడతాడు. ఆ పెరిగిన ప్రెషర్ ఆయిల్ కదలడానికి ఎదురవుతున్న అడ్డుకు లెక్క. బేరింగులకు ఎంత ఆయిల్ అందుతోందో అది చెప్పదు. కొత్త ఇంజన్లలో టైమింగ్ చైన్ టెన్షనర్, వాల్వుల సందు సరిచేసే హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్లు కూడా ఆయిల్‌తోనే పనిచేస్తాయి. వాటి సన్నటి రంధ్రాలు ఏ చిక్కదనానికి చేశారో దానికే సరిగా స్పందిస్తాయి.

అమెరికాలో పికప్ నడిపే మనవాళ్లకు ఈ లెక్క కొంచెం తిరగబడుతుంది. అక్కడ ఎక్కువ పికప్‌లు పెట్రోల్‌వి. మైలేజీ నిబంధనల వల్ల కంపెనీలు 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్స్ రాస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల వీ8 ఇంజన్ ఉన్న 2021-24 సిల్వరాడో, సియెరా పికప్‌లను, కొన్ని పెద్ద ఎస్‌యూవీలను క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాల వల్ల వెనక్కి పిలిచింది. పరీక్షలో పాసైన ఇంజన్లకు 0డబ్ల్యూ-20 తీసేసి 0డబ్ల్యూ-40 పోసి, ఆయిల్ మూత, మాన్యువల్‌లో చేర్చే కాగితం కూడా కొత్తవి ఇచ్చింది. అలాంటి బండి సెకండ్ హ్యాండ్‌లో కొంటే మూత మీద ఉన్న గ్రేడు చూసుకోండి, విన్ (బండి గుర్తింపు) నంబర్‌తో రీకాల్ పని అయిందో లేదో కూడా తెలుసుకోండి. లోపం ఆయిల్‌ది కాదు, ఇంజన్ భాగాలది. గ్రేడు మార్చే నిర్ణయం కూడా ఇంజన్ చేసినవాళ్లే తీసుకున్నారు, అది గమనించండి.

7. పాత ఇంజన్ ఆయిల్ తాగుతుంటే

రెండు మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి నీలం పొగ వదులుతూ, సర్వీసుకీ సర్వీసుకీ మధ్య లీటర్ల కొద్దీ అడుగుతుంటే ఒక గ్రేడు పైకి వెళ్లడం తప్పేమీ కాదు, 30 నుంచి 40కి, లేదా పాత 15డబ్ల్యూ-40 ఇంజన్లో 20డబ్ల్యూ-50కి. రింగుల అరుగుదల వల్ల తాగే ఆయిల్ కొంత తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. అయితే ముందు వేరే దారులు మూసి చూడండి. ఇంజన్ కింద కారుతోందా, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయిందా, టర్బో సీలు పోయి ఇన్‌టేక్ గొట్టంలో ఆయిల్ నిలుస్తోందా? ఇవన్నీ చూడకుండా చిక్కటిది పోస్తే కొన్నాళ్లు సమస్య కనపడకుండా ఉంటుందంతే. లోడుతో ఎక్కేటప్పుడు ఆయిల్ ప్రెషర్ లైటు మినుకుమంటుంటే మాత్రం డబ్బా మార్చి చూద్దాం అనుకోకండి. మెకానికల్ గేజ్ పెట్టి ప్రెషర్ కొలిపించండి.

డీపీఎఫ్ ఉన్న బండి ఆయిల్ తాగుతుంటే గ్రేడు పెంచి సరిపెట్టుకోవద్దు. తాగి కాలిన ప్రతి లీటరులోని బూడిదా ఆ ఫిల్టర్లోకే చేరుతుంది.

8. మినరలా, సింథటిక్కా

గ్రేడు ఒకటే అయితే వేడి ఇంజన్‌లో మొదటి రోజు చిక్కదనం దాదాపు ఒకటే. తేడా తర్వాత వస్తుంది. మల్టీగ్రేడ్ (రెండు అంకెల) ఆయిల్‌లో చిక్కదనాన్ని నిలబెట్టే పాలిమర్లు పళ్లచక్రాల మధ్య నలిగి తెగిపోతాయి, దాంతో ఆయిల్ పల్చబడుతుంది. మంచి సింథటిక్ బేస్ ఆయిల్‌కు ఆ పాలిమర్ల అవసరం తక్కువ, వేడికి తొందరగా పాడవదు. పాత బీఎస్‌-3 బండికి మినరల్ 15డబ్ల్యూ-40 పోసి వేళకు మార్చుకుంటే చాలు. సింథటిక్ పోసి "రెట్టింపు కిలోమీటర్లు తిప్పొచ్చు" అని లెక్కేసుకోకండి. మార్చే గడువు మాన్యువల్‌దే, దుమ్ము రోడ్లు, ఓవర్‌లోడు, ఎక్కువ ఐడ్లింగ్ ఉంటే అది రాసిన తక్కువ గడువు.

9. కొనేటప్పుడు, పోసేటప్పుడు

లూజ్ ఆయిల్ కొనకండి, ఎంత తెలిసిన షాపైనా. డబ్బా మూత కింద సీలు ఊడదీసి అతికించినట్టుందా, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ చెరిగాయా, క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ అవుతోందా చూసుకోండి. ఖాళీ డబ్బాలను మూతలతో సహా కొనుక్కెళ్లేవాళ్లుంటారు, ఎందుకో చెప్పక్కర్లేదు. ఆయిల్ మార్చిన రోజున ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పారేయండి.

ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు పాతది దించండి. ఫిల్టర్ మార్చండి, డ్రెయిన్ నట్టుకు కొత్త వాషర్ వేయండి. మాన్యువల్ చెప్పిన దానికంటే అర లీటరు తక్కువ పోసి, స్టార్ట్ చేసి ఆపి, చదునైన నేల మీద ఐదు పది నిమిషాలు ఆగి గేజ్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) తీసి చూడండి. చాలా ఇంజన్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య ఇంచుమించు లీటరు. మిగతాది కొంచెం కొంచెంగా పోసి పై గీత లోపు ఆపండి. తేదీ, కిలోమీటర్లు, గ్రేడు, స్పెసిఫికేషన్ రాసి బానెట్ లోపల చీటీ అంటించండి. డ్రైవర్ మారినా, షెడ్డు మారినా అడగాల్సిన పని ఉండదు.

10. పోశాక గేజ్ తీసి చూస్తూ ఉండండి

డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొన్ని రోజులకే నల్లబడుతుంది. అది మసి, భయపడక్కర్లేదు. మట్టం తగ్గిందా అని అందరూ చూస్తారు. డీపీఎఫ్ బండిలో మట్టం పెరిగిందా అని కూడా చూడాలి. రీజెనరేషన్‌కు వేడి పుట్టించడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. ఊళ్లోనే తిరుగుతూ, రీజెనరేషన్ జరుగుతుండగా మధ్యలోనే ఇంజన్ ఆపేస్తుంటే ఆ డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి సంప్‌లో కలుస్తుంది. గేజ్ మీద ఆయిల్ పై గీత దాటి ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే పల్చగా, వాసన చూస్తే డీజిల్‌లా ఉంటుంది. అప్పుడు మీరు ఎంత జాగ్రత్తగా ఎంచుకున్న 40 అయినా లోపల 30 అయిపోయినట్టే, దాన్ని గడువుతో పని లేకుండా మార్చేయాలి. ఇలాంటి బండిని వీలైనప్పుడల్లా హైవే మీద ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపితే ఫిల్టర్ తన పని పూర్తి చేసుకుంటుంది.

దారి మధ్యలో మట్టం కింది గీతకంటే దిగిపోయి, మీ గ్రేడు ఎక్కడా దొరక్కపోతే? బంకులో దొరికే డీజిల్ ఆయిల్ ఏదైనా, ముందు స్పెసిఫికేషన్ కలిసేది, అది కుదరకపోతే గ్రేడు దగ్గరగా ఉన్నది, అర లీటరో లీటరో పోసి బయల్దేరండి. ఇంజన్ ఆయిల్స్ ఒకదానితో ఒకటి కలుస్తాయి, గడ్డకట్టవు. తక్కువ ఆయిల్‌తో ఘాట్ ఎక్కించడం కన్నా వేరే గ్రేడు కలిసిన ఆయిల్‌తో ఎక్కించడం ఎంతో నయం. ఇంటికొచ్చాక, ముఖ్యంగా డీపీఎఫ్ బండికి బూడిద ఎక్కువుండే ఆయిల్ కలిసి ఉంటే, మొత్తం దించి సరైనది పోయించండి.